గోల్‌పోస్టులకు కట్టిన ఆకులు

కిందటి వారం అనురాధని గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ వారం నుంచీ ఆ తలుపు పట్టుకునే ఉంది. కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి లోపలికి తీసుకెళ్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

అనురాధ భర్త రాజీవ్ సికింద్రాబాద్ కుర్రాడు. బంతంటే పిచ్చి. సన్నీవేల్‌లో పదిహేనేళ్ళు ప్రోగ్రాములు రాసి, గ్రీన్ కార్డ్ చేతికొచ్చిన మర్నాడే ఉద్యోగానికి దండం పెట్టేసి, పసిఫిక్ సముద్రంలోని చిన్న చిన్న దీవుల దేశాలన్నిటికీ కలిపి ఒక ఫుట్‌బాల్ లీగ్ పెడతానని బయలుదేరాడు. ఆటగాళ్ళకి నెలనెలా జీతాలిచ్చే అసలు సిసలు లీగ్. నవ్వినవాళ్ళు నవ్వారు. కాలేజీలో అతని సీనియర్ చక్రపాణి ఒక్కడే నవ్వకుండా పక్కన నిలబడ్డాడు. దీవులవాళ్ళు ఒప్పుకున్నారు, జట్లు కుదిరాయి, మొదటి మ్యాచ్‌కి తేదీ కూడా పడింది. అంతలో ఒక పొద్దున పరుగుకి వెళ్ళబోతూ, షూ లేసు కట్టుకోవడానికి వంగిన రాజీవ్ మళ్ళీ లేవలేదు.

అది మార్చిలో. ఇప్పుడు జూన్. బండిని చక్రపాణి ఒక్కడే లాక్కొస్తున్నాడు. అన్ని జట్లూ సిద్ధంగా ఉన్నాయి, ఒక్క లోమావా తప్ప. అన్నిటిలోకీ చిన్న దీవి, రాజీవ్‌కి అన్నిటికన్నా ముద్దు. ఆ జట్టు ప్రాక్టీస్ మానేసింది. ఎందుకని మెయిల్ పెడితే జవాబు లేదు, ఫోన్ చేస్తే నసుగుడు. ఈ మధ్యాహ్నం దీవులవాళ్ళందరితో వీడియో మీటింగ్ ఉంది. సోమవారం నుంచి మైదానంలోకి దిగుతామని లోమావా అందులో మాట ఇవ్వకపోతే వాళ్ళ చోటు ఇంకో జట్టుకి పోతుంది. ఈ కబురు అనురాధకి చెప్పడానికే చక్రపాణి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. చెప్పడం పూర్తవుతూనే బెల్ మోగింది.

తలుపు తీసేసరికి ఎదురుగా నల్ల గౌను వేసుకుని, దాని మీద నడుముకి అంచులు చిరిగిన పాత చాప చుట్టుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. గుమ్మం సగం ఆవిడతోనే నిండిపోయింది.

"నా పేరు సెలా," అంది. "లోమావా కెప్టెన్ తల్లిని. జట్టు బాగోగులు నేనే చూస్తాను. మా చెల్లెలు శాన్ మాటియోలో ఉంటుంది, వాళ్ళింట్లో దిగాను. మీరు రాజీవ్ భార్య కదూ?"

ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే. మనం తెలుగులో విందాం.

అనురాధ పక్కకి తప్పుకుంది. ఎవరూ చెప్పకుండానే సెలా చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చింది. వచ్చి కూర్చోలేదు. గోడల మీద ఫొటోలు చూడలేదు, సోఫా చూడలేదు. నేల చూసింది. హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి కార్పెట్ అంతా వెతికినట్టు చూసి, "చాప ఏది?" అని అడిగింది.

"ఏ చాప?" అంది అనురాధ.

"ఓ, ఆ మ్యాట్ గురించా!" చక్రపాణి లేచి నిలబడి నవ్వాడు. ఆవిడకి ఇంగ్లీషులో, మా ఆఫీసులో భద్రంగా ఉంది, చాలా అందంగా ఉంది అని చెప్పి, అనురాధ వైపు తిరిగాడు. "కర్మ రోజున ఇద్దరు ఆడవాళ్ళొచ్చి ఇచ్చి వెళ్ళారమ్మా. నువ్వు లోపల పంతులుగారి దగ్గరున్నావ్. అంత సన్నటి అల్లిక, కింద పరిస్తే ఎవరో ఒకరు తొక్కుతారు కదా అని ఫ్రేమ్ కట్టించి మన రిసెప్షన్ గోడకి పెట్టించాను. వచ్చినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు."

అతను ఏం చెప్పాడో చేతుల తీరును బట్టే సెలాకి తెలిసిపోయింది.

"గోడకి," అంది నెమ్మదిగా. "చూశాం. మీ ఆఫీసు ఫొటోలో కనిపించింది. మా ఊళ్ళో ఆడవాళ్ళం ఆ ఫొటో చుట్టూ చేరి చాలాసేపు మాట్లాడుకున్నాం. తప్పెక్కడ జరిగిందో మాకు తెలియలేదు. అది చూసుకోవడానికి అల్లిన చాప కాదు బాబూ. ఏడవడానికి అల్లింది."

చక్రపాణి నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయాడు.

"పోయినవాడి భార్య దాని మీద కూర్చుంటుంది. వచ్చినవాళ్ళం ఆమె పక్కన కూర్చుంటాం. ఎవరూ ఓదార్చరు. అందరం ఏడుస్తాం, తృప్తిగా, ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. రాజీవ్ పోయాడని తెలిసిన రోజు మా ఇళ్ళలో పొయ్యిలు వెలిగించలేదు. దుఃఖానికి గుర్తుగా నడుముకి ఈ చాప చుట్టుకున్నది ఆ రోజే. అందరం కూర్చుని ఆ చాప అల్లాం. మావాళ్ళిద్దరు దాన్ని తీసుకుని మీ ఇంటికి వచ్చారు, మీతో కూర్చోవాలని. ఈయన చాప అందుకుని, థాంక్యూ చెప్పి, కూల్ డ్రింకులు ఇచ్చి పంపించేశారు."

చక్రపాణి చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినవాడు. అపురూపమైన వస్తువుని నేల మీద పరవడానికి అతనికి చేతులు రాలేదు. గౌరవం అనుకునే గోడెక్కించాడు. ఇప్పుడు ఆ గౌరవమే తల మీద పడేసరికి పాపం ఎటు చూడాలో తెలియక తన లాప్‌టాప్ వైపు చూశాడు.

అనురాధ మాత్రం ఆ కర్మ రోజునే చూస్తోంది. అసలు రోజు వారం మధ్యలో పడింది. అందరికీ ఆఫీసులు, పిల్లలకి స్కూళ్ళు. శనివారానికి జరుపుకోవచ్చు, దోషం లేదన్నారు పంతులుగారు. శనివారం పొద్దున హాల్ బుకింగ్, కేటరింగ్, పార్కింగ్. చక్రపాణి భార్య శశికళ ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గరిటె పట్టుకుని అన్నీ చక్కబెట్టింది. కుర్చీలు చాలుతాయా అని అనురాధ కూడా రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఆ తర్వాత బ్యాంకు, ఇన్సూరెన్సు, కూతురు ఇషా స్కూల్ కౌన్సెలర్‌తో మాటలు. ఏడుపు గొంతు దాకా వచ్చినప్పుడల్లా ముందు ఈ పని కానిద్దాం అనుకునేది. పనులు అవుతూనే ఉన్నాయి, ఏడుపు వంతు మాత్రం రాలేదు. ఎంత ధైర్యం అమ్మా నీది అని అందరూ మెచ్చుకున్నారు.

"సెలా, మీరు కూర్చోండి," అంది. "మీ బాధ అర్థమైంది. కానీ మీవాళ్ళు ఆట ఎందుకు మానేశారు? ఇవాళ మాట ఇవ్వకపోతే మిమ్మల్ని తీసేస్తారట. అది ఆయన జట్టు. మిగతావన్నీ లీగ్ జట్లు, అదొక్కటే ఆయన జట్టు."

"మానెయ్యలేదు. మైదానం మూసేశాం."

"ఎవరు మూయమన్నారు?" అన్నాడు చక్రపాణి.

సెలా సోఫాలో కాకుండా కార్పెట్ మీదే చతికిలబడింది. "మా దగ్గర, అన్ని దీవుల్లోనూ, పెద్దమనిషి పోతే ఆయనకి ప్రాణమైన చోటు మూసేస్తాం. చేపలు పట్టే పెద్ద పోతే ఆయన వల వేసిన నీళ్ళు మూస్తాం. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నా ఆ నీళ్ళలో ఎవరూ వల వెయ్యరు. రాజీవ్ కోసం ఇంకేం మూస్తాం చెప్పండి?"

ఫోన్ తీసి అనురాధకి ఇచ్చింది. తెరమీద ఒక మైదానం. వెనక సముద్రం. గోల్‌పోస్టుల మధ్య, ఈ కొస నుంచి ఆ కొసకి కొబ్బరాకులు ముడివేసి కట్టారు. ఆకులు ఎండిపోయి ఉన్నాయి. గీతలు కనిపించనంతగా గడ్డి పెరిగింది. ఒక పక్కన చిన్నపిల్లలు మైదానంలో కాలు పెట్టకుండా, దాని అంచు వెంబడి చుట్టు తిరిగి బడికి పోతున్నారు.

"ఆ నేలలో రాళ్ళు ఏరింది ఆయనే," అంది సెలా. "మొదటిసారి వచ్చినప్పుడు ఎవరో కంపెనీ మనిషి, ఫొటోలు తీసుకుని పోతాడు అనుకున్నాం. చర్చి హాల్లో చాప మీద పడుకున్నాడు. పొద్దున్నే లేచి చొక్కా విప్పి బుట్ట పట్టుకుని రాళ్ళు మోశాడు. సిగ్గేసి మేమంతా దిగాం. మా అబ్బాయి బంతి పోగొడితే మీ భాషలో తిట్టేవాడు. ఇప్పుడు మావాళ్ళు బంతి కావాలంటే ఏమని అరుస్తారో తెలుసా?"

ఆ పెద్దావిడ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, సన్నీవేల్ అపార్ట్‌మెంట్ అదిరిపోయేలా అరిచింది.

"ఇటియ్‌రా భై!"

అచ్చం సికింద్రాబాద్. రాజీవ్ శనివారాలు పార్కులో అరిచే అరుపు. ఇంత ముసలివాడివి ఆ అరుపులేమిటి, పోలీసులొస్తారు అని అనురాధ విసుక్కునేది. ఎక్కడో సముద్రం మధ్య, ఆమె ఎన్నడూ చూడని కుర్రాళ్ళు ఆ గొంతుని దాచుకుని వాడుకుంటున్నారు. తన ఇంట్లో మాత్రం అతని పేరు ఎత్తితే ఎక్కడ ఏడుపొస్తుందోనని, తనూ కూతురూ ఎన్నాళ్ళుగానో ఆ పేరు పక్కన నుంచి తప్పుకుని నడుస్తున్నారు. నవ్వబోయింది, నవ్వు పెదవి దగ్గరే విరిగిపోయింది.

"మరి మూసినదాన్ని ఎప్పుడు తెరుస్తారు?" చక్రపాణి గొంతు తగ్గించి అడిగాడు. అతని కళ్ళలో కూడా నీళ్ళున్నాయి, కానీ గడియారం కూడా ఉంది.

"భార్య చెప్పినప్పుడు," అంది సెలా. "అందుకే వచ్చాను. అమ్మా, నీ ఏడుపు అయిందా? అయిందని నువ్వు ఒక్క మాట చెబితే చాలు. నా కొడుక్కి ఇప్పుడే ఫోన్ చేస్తాను. ఈపాటికి అక్కడ తెల్లవారి ఉంటుంది. ఆకులు విప్పేస్తాడు, గడ్డి కోస్తారు, సోమవారానికి ఆడతారు."

చక్రపాణి పెద్దగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య! అంతేనా అండీ!"

"అంతే. కానీ ఒకటుంది." సెలా అనురాధ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "ఆ మాట అన్నాక ఇంక అతని కోసం ఏడవకూడదు. నువ్వూ, మేమూ, ఎవ్వరమూ. నేల తెరిచాక ఏడిస్తే పోయినవాడిని మళ్ళీ వెనక్కి లాగినట్టు. మాకది పెద్ద తప్పు. అందుకని నిజంగా అయితేనే చెప్పు."

లాప్‌టాప్ టింగుమంది. మీటింగ్‌లోకి ఒక్కొక్కరే వస్తున్నారు. తెరమీద చిన్న చిన్న గళ్ళలో నిద్రమొహాలు, పూల చొక్కాలు, ఒకాయన వెనక కోడి కూస్తోంది. చక్రపాణి కాఫీ బల్ల మీద లాప్‌టాప్ జరిపి, అనురాధ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, చూడు. ఇది దేవుడిచ్చిన అవకాశం అనుకో. ఒక్క మాట. వాళ్ళ కస్టమ్‌కి వాళ్ళకి శాటిస్‌ఫ్యాక్షన్, మన జట్టు మనకి ఉంటుంది. బ్రాడ్‌కాస్ట్ వాళ్ళు నన్ను పీక్కుతింటున్నారమ్మా. లోమావా పోతే వాడి ఆత్మ శాంతిస్తుందా?"

"అబద్ధం చెప్పమంటారా అన్నయ్యగారూ?"

"అబద్ధం ఏముంది? నువ్వు స్ట్రాంగ్‌గా ఉన్నావ్. నేను చూస్తూనే ఉన్నానుగా. కర్మ రోజున కూడా నువ్వు కంట తడి పెట్టలేదు. శశి కూడా అంది, అనురాధ మూవ్ ఆన్ అయింది, గ్రేట్ అని."

అతను మంచికే అన్నాడు. ఆ మాట మాత్రం అనురాధకి ఎక్కడో లోపల గుచ్చుకుంది. అయినా ఆలోచించింది. ఏడుపుదేముంది, ఇన్నాళ్ళు ఆపుకుంది, ఇంకెన్నాళ్ళయినా ఆపుకోగలదు. రాజీవ్ ఏరిన నేల, రాజీవ్ తిట్టిన పిల్లలు, వాళ్ళ జీతాలు, వాళ్ళ ఆట అన్నీ తన ఒక్క మాటలో ఉన్నాయి. తను ఏడవాలని మొగుడి కలని ఏ పెళ్ళామైనా ముంచేస్తుందా? చెప్పేద్దాం అనుకుంది. తల ఊపింది.

చక్రపాణి ముఖం వెలిగిపోయింది. "ఉండమ్మా, అందరూ వినేట్టు నువ్వే చెప్పు. సంతోషిస్తారు." మీటింగ్‌లో మైక్ ఆన్ చేశాడు.

"అమ్మా."

ఇషా. గది తలుపు దగ్గర నిలబడి ఉంది. స్కూల్ సెలవులు కదా, ఇంట్లోనే ఉంది. అందాకా ఎంత విందో ఏమో, ఇంగ్లీషులో జరిగిందంతా వినే ఉంటుంది. పదహారేళ్ళ పిల్ల, నాన్న పాత జెర్సీ వేసుకుని, చేతులు దాని చేతుల్లోనే దాచుకుని ఉంది.

"అమ్మా, నువ్వు ఏడవలేదు కదా," అంది. "సో నేను కూడా ఏడవలేదు. ఐ థాట్... మనకి అలౌడ్ కాదు అని."

"ఎవరన్నారమ్మా అలా?"

"ఎవరూ అనలేదు. బట్ నువ్వు చేయలేదు. నాకు వస్తే నేను కార్‌లోకి వెళ్ళి కూర్చుంటాను. నువ్వు ఇప్పుడు యెస్ చెప్తే, దెన్ ఇంక ఎప్పుడూ వద్దా? నాకు ఇంకా స్టార్ట్ కూడా అవ్వలేదు అమ్మా."

అనురాధకి మార్చి నుంచీ గరాజ్‌లో కారు లైటు ఎందుకు వెలుగుతూ ఉంటుందో అప్పుడు తెలిసింది. పిల్ల లైటు ఆర్పడం మర్చిపోతోంది, బ్యాటరీ పోతుంది అని కోప్పడింది కూడా. తనకి తీరిక లేక పక్కకి పెట్టిన ఏడుపుని తన కూతురు కారులో కూర్చుని, నోరు మూసుకుని మింగింది. భర్త పోయిన రోజు కన్నా ఆ క్షణం ఆమెకి ఎక్కువ దుఃఖం వేసింది.

సెలా ఇంకా చెయ్యి వదల్లేదు. తెలుగు ముక్కలు ఆవిడకి అర్థం కాకపోయినా పిల్ల ముఖం అర్థమైంది. మళ్ళీ అడిగింది, తొందర లేకుండా. "అయిందా అమ్మా?"

"చెప్పమ్మా," అన్నాడు చక్రపాణి. "వింటున్నారు అందరూ."

"లేదు," అంది అనురాధ.

చక్రపాణి వినపడనట్టు చూశాడు.

"అవలేదు. ఇంకా మొదలే కాలేదు," అంది సెలాతో. "మీ పిల్లలకి క్షమించమని చెప్పండి. నాకు అవలేదు. ఆయన లేరు. ఆయన లేరు కదా సెలా. షూ లేసు కూడా కట్టుకోలేదు. ఒక కాలుదే కట్టుకున్నారు..."

ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక పెద్ద కేక వచ్చింది. అది తన గొంతేనని అనురాధకే తెలియలేదు. ఇషా పరుగున వచ్చి తల్లి ఒళ్ళో పడింది. ఇద్దరూ కార్పెట్ మీద ఒకరినొకరు పట్టుకుని, పక్క అపార్ట్‌మెంట్‌వాళ్ళు వింటారన్న ఇంగితం లేకుండా, నాన్నా అని ఒకరు, రాజీవ్ అని ఒకరు ఏడ్చారు. సెలా వాళ్ళని ఓదార్చలేదు. ఊరుకోండి అనలేదు. పక్కకి జరిగి, తలకి కట్టుకున్న గుడ్డ విప్పి జుట్టు వదిలేసి, తన దీవి భాషలో రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. ఆ రాగంలో మధ్య మధ్య రాజీవ్ పేరు వినబడుతోంది.

చక్రపాణి మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. అతనూ మనిషే, తమ్ముడి లాంటివాణ్ణి పోగొట్టుకున్నవాడే. కానీ అతనికి హఠాత్తుగా గుర్తొచ్చింది, మైక్ ఆన్‌లో ఉందని.

కంగారుగా లాప్‌టాప్ వైపు తిరిగాడు. ఒక గడిలో పూల చొక్కా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంకో గడిలో ఎవరో టోపీ తీశారు. ఒకావిడ కెమెరా ముందు నుంచి వెళ్ళిపోయింది, తిరిగి నల్లబట్టల్లో వచ్చి కూర్చుంది.

"సారీ, సారీ ఎవ్రీవన్," అన్నాడు చక్రపాణి ఇంగ్లీషులో. "ఫ్యామిలీ మ్యాటర్. ఒక్క నిమిషంలో మొదలుపెడదాం. లోమావా విషయం..."

"మొదలుపెట్టడానికి ఏముంది?" అన్నాడు పూల చొక్కా ఆయన. "ఆమె ఇంకా ఏడుస్తోంది. మాకు ఆ సంగతి తెలియదు, అంతా అయిపోయిందని మీ ఆఫీసు చెప్పింది. అందుకే మేం ఆడుతూ వచ్చాం. ఇది విన్నాక మావాళ్ళు బంతి ముట్టుకోరు. మా మైదానం ఇవాళే మూసేస్తున్నాం."

"నో, నో, ప్లీజ్! మొదటి మ్యాచ్ మీ గ్రౌండ్‌లోనే కదా! టికెట్లు అమ్మేశాం!"

"మేమూ మూస్తాం," అంది నల్లబట్టలావిడ.

"మేమూ," అన్నారు ఇంకెవరో, తెర కింది వరసలోంచి.

ఒక్కొక్క గడిలో కుర్చీలు జరిగిన చప్పుడు. చక్రపాణి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నాలుగేళ్ళ కష్టం, రాజీవ్ ప్రాణం పెట్టిన లీగ్, ఒక్క మ్యాచ్ అయినా ఆడకముందే దీవి తర్వాత దీవిగా మూతబడుతోంది. మూయిస్తున్నది వేరే ఎవరో కాదు, రాజీవ్ భార్యే.

"చెల్లెమ్మా!" అరిచాడు. అది కోపమో ఏడుపో అతనికే తెలియదు. "ఆపమ్మా! నీకు దండం పెడతాను, వాళ్ళంతా వింటున్నారు. వాడి లీగ్ పోతోందమ్మా, ఆపు!"

అనురాధ విన్నది. ప్రతి మాటా విన్నది, ఏం పోతోందో తెలుసు, ఎవరిది పోతోందో తెలుసు. కూతుర్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆపాలనే అనుకుంది. ఇన్నాళ్ళూ అంత బాగా చేతనైన పని, ఇప్పుడు ఆమెకి చేతకాలేదు.